ఆరు ఎర్ర ముడులు

నేను రాసుకునే డైరీ మీద బంగారు అంకెల్లో 1997 అని ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 2003. అయినా తేదీలేమీ తప్పవు. 1997లో ఏ తేదీకి ఏ వారం పడిందో 2003లోనూ అదే వారం పడింది. ఈ సంగతి కనిపెట్టింది మా చిన్నాన్న పనిచేసే యాసిడ్ ట్యాంకర్ల యార్డు మేనేజరు భీమశంకరరావు గారు. ఆరేళ్ళ కిందట పంచగా మిగిలిన డైరీలను బీరువాలో దాచి, వారాలు కలిసే ఏడాది కోసం ఓపిగ్గా కాచుకుని, మొన్న జనవరిలో అందరికీ పంచిపెట్టారు. అంత ముందుచూపు ఉన్న మనిషి ఆరు ఇనుప కొక్కేలు కొనడానికి మాత్రం అయిదు నెలలు ఆలోచించారు.

డైరీలో ప్రతి పేజీ కిందా ఒక భద్రతా సూక్తి అచ్చేసి ఉంటుంది. ఏడాదికి సరిపడా సూక్తులు దొరకలేదు కాబోలు, ఓ పన్నెండింటినే తిప్పి తిప్పి వేశారు. యార్డులో ఆ సూక్తులను నాకంటే ఎక్కువ చదివినవాళ్ళు ఎవరూ లేరు.

నా పేరు దేవి. మాది భీమిలి దాటాక సముద్రం పక్కన ఊరు. పదో తరగతి దాకా ఊరి బడిలోనే చదివి, ఇంటర్ కోసం మల్కాపురంలో మా చిన్నాన్న ఎల్లారావు ఇంట్లో ఉంటున్నాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. క్లాసులో హాజరు పిలుస్తుంటే నాలుగు పేర్ల ముందు నుంచే గొంతు సవరించుకుంటాను. రాయడం మాత్రం వచ్చు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, వాల్వులకి కట్టే రేకు ముక్కల మీద నంబరూ తేదీ నాచేతే రాయిస్తాడు చిన్నాన్న. "నా రాత సూస్తే, రేకు మీద యాసిడ్ పడిందనుకుంటారే ఆపీసర్లు" అంటాడు.

సెలవు రోజుల్లో, కాలేజీ ఒంటిపూట ఉన్న రోజుల్లో ఆయనకి క్యారేజి తీసుకెళ్ళేది నేనే. అలా ఆ పని చూడటం అలవాటైంది. చిన్నాన్న చేతికి వాల్వు ఇస్తే ముందు దాని లోపల వేలు పెట్టి గుండ్రంగా ఒకసారి తిప్పుతాడు, చేప కడుపు శుభ్రం చేసినట్టు. ఇసుక రవ్వ తగిలినా మళ్ళీ కడుగుతాడు. బోల్టులు బిగించేటప్పుడు ఒకటి బిగించి పక్కదానికి పోడు, ఎదురుదానికి పోతాడు. "పక్కపక్కన బిగిస్తే ఒక దిక్కుకి వొంగిపోతాది. మడుసులు కూడా అంతే" అంటాడు. సముద్రం వదిలేసి వచ్చిన మనిషి, వలకి ముడి వేసినంత శ్రద్ధగా వాల్వు బిగిస్తాడు.

యార్డులో ఆరు ట్యాంకర్లు ఉన్నాయి. వాటిలో పోసేది సల్ఫ్యూరిక్ యాసిడ్. మా బడిలో దాన్ని గంధకామ్లం అని చదివాను, చాలా ప్రమాదకరమైనది అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. యార్డులో దాన్ని 'మాలు' అంటారు. మాలు ఎక్కింది, మాలు దిగింది, అంతే. ఉల్లిపాయలైనా, యాసిడైనా.

ప్రతి ట్యాంకరు కడుపు కిందా రెండు వాల్వులు ఉంటాయి. బయటది చేత్తో తిప్పేది. లోపలిది స్ప్రింగు వాల్వు. దాన్ని వదిలేస్తే ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. మాలు దింపేటప్పుడు ఒక ఇనుప మీట పైకెత్తి కొక్కేనికి తగిలిస్తే తెరుచుకుంటుంది. గొట్టం ఊడినా, పగిలినా, ఎవరూ దగ్గరికి పోనక్కర్లేదు. దూరంగా డ్రైవరు తలుపు దగ్గరున్న తీగ లాగితే చాలు. కొక్కెం తప్పుకుంటుంది, మీట పడుతుంది, లోపలి వాల్వు ఠప్పున మూసుకుంటుంది. పోయిన ఏడాది ఈ ఆరింటినీ చిన్నాన్న ఒంటిచేత్తో బిగించాడు.

బిగించాక ఏడాదికి కొక్కేలు అరిగాయి. మాలు దిగుతూ ఉండగానే మీట జారి వాల్వు మూసుకుపోయేది. డ్రైవర్లు విసుక్కుని, మీటని పైకెత్తి ఇనపతీగతో కట్టేయడం మొదలుపెట్టారు. కట్టేస్తే ఇక అది ఎప్పటికీ మూసుకోదు, ప్రమాదం వచ్చినా సరే. చిన్నాన్న రోజూ ఆ కట్టుతీగలు కోసేవాడు. వాళ్ళు రోజూ కట్టేవారు. అందులో పెద్ద ఆరితేరినవాడు పోలిరాజు. ఆరుగురు డ్రైవర్లకీ పెద్ద.

"బావా, నువ్వు కొయ్యి, నాను కడతాను. ఇద్దరికీ పని ఉంటాది గదా" అనేవాడు.

"అది పాణం కాపాడే వాల్వురా బావా."

"అది నా పాణం తీసే వాల్వు. సగం మాలు దిగేసరికి మూసుకుపోతే, ఫ్యాక్టరీ వోడు నన్ను తిడతన్నాడు, నిన్ను కాదు."

కొత్త కొక్కేలు కావాలని చిన్నాన్న మే నెలలో అడిగాడు. యార్డులో మేనేజరూ భీమశంకరరావు గారే, భద్రతాధికారీ ఆయనే. అందుకని ఆయన భద్రతాధికారిగా ఒక ఉత్తరం రాసుకున్నారు: కొక్కేలు అత్యవసరం. దాన్ని మేనేజరుగా అందుకుని, పరిశీలించి, వచ్చే మూడు నెలల్లో చూద్దాం అని జవాబు రాశారు. మూడు నెలలయ్యాక భద్రతాధికారి మళ్ళీ గుర్తుచేశారు. మేనేజరు మళ్ళీ పరిశీలించారు. ఫైలు లావైంది.

ఇంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజకి యజమాని కృష్ణంరాజు గారి భార్య సూర్యకాంతమ్మ గారు వచ్చారు. వాళ్ళది గోదావరి వైపు. ఎవరినీ కష్టపెట్టని మనిషి, దేవుణ్ణి తప్ప. దుర్గమ్మకి కట్టిన ఎర్రచీరని ఆరు పేలికలు చేయించి, పసుపులో ముంచి, బండికొకటి కట్టడానికి తెచ్చారు. ముందు అద్దం దగ్గర కట్టబోతుంటే పోలిరాజు చేతులు కట్టుకుని అడ్డం వచ్చాడు.

"అమ్మా, అద్దం కాడ కాదు. మాలు దిగే కాడ కట్టండి. గండం అక్కడే ఉన్నాది."

ఆవిడకి నిజమే అనిపించింది. పోలిరాజు వంగి మీటని పైకెత్తి పట్టుకున్నాడు. ఆవిడ మూడు చుట్లు చుట్టి, మూడు ముళ్ళు వేసి, కళ్ళకద్దుకున్నారు. ఆరు బళ్ళకీ అంతే. నేను హారతి పళ్ళెం పట్టుకుని వెనకే ఉన్నాను. చిన్నాన్న మొహం చూశాను. ఆయన కూడా చేతులు జోడించాడు గానీ, దండం అమ్మవారికో పోలిరాజు తెలివికో తెలియలేదు.

నిన్నటి దాకా ఇనపతీగ. ఈరోజు నుంచి అమ్మవారు. ఇనపతీగని కోయడానికి కట్టరు ఉంది. అమ్మవారిని ఎవరు కోస్తారు?

"నువ్వే ఇప్పీరా" అన్నాడు చిన్నాన్న మర్నాడు.

"నాను కట్టినానేటి ఇప్పడానికి? నువ్వు ఇప్పుకో బావా. పిల్లా పీసూ ఉన్నోడివి, ఆలోసించుకుని ఇప్పుకో."

చిన్నాన్న గంగమ్మకి దండం పెట్టకుండా నీళ్ళలో కాలు పెట్టని ఇంట్లో పుట్టినవాడు. విప్పలేదు. మేనేజరు గారిని అడిగాడు. ఆయన కృష్ణంరాజు గారిని అడిగారు. రాజుగారు ఇంట్లో అడిగారు. "మళ్ళీ దసరా దాకా ఉండాలి, మధ్యలో తీస్తే కీడు" అని జవాబు వచ్చింది. ఆ జవాబు కూడా ఫైల్లో పెట్టారని విన్నాను.

దసరా అయిన ఎనిమిదో రోజు, సోమవారం, పోలిరాజు బండి గాజువాక అవతల ఒక ఫ్యాక్టరీలో మాలు దింపుతోంది. బయటి వాల్వు బిగువుగా ఉందంటే చూడటానికి చిన్నాన్న కూడా వెళ్ళాడు. గొట్టం తగిలించి పోలిరాజు టీకి పోయాడు. గొట్టం బిగింపు జారింది. యాసిడ్ చిమ్మింది. చిన్నాన్న పరిగెత్తి, డ్రైవరు తలుపు దగ్గర తాను బిగించిన తీగని తానే లాగాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ లాగాడు. ఎర్రగుడ్డ మీటని గట్టిగా పట్టుకుని ఉంది. ఇక గత్యంతరం లేక, దగ్గరికి పోయి బయటి వాల్వుని చేత్తో తిప్పి మూశాడు. మోచేయి నుంచి మణికట్టు దాకా ఎడమచెయ్యి కాలింది. అక్కడివాళ్ళు అరగంట సేపు నీళ్ళు పోశారు. చేతికి తొడుగులు లేవు. నాలుగేళ్ళుగా లేవు.

మర్నాడు యార్డులో కొబ్బరికాయ కొట్టారు.

"మొకం మీద పడాల్సింది సేతి మీద పడింది. అమ్మోరు కాపాడబట్టే!" అన్నాడు పోలిరాజు. సూర్యకాంతమ్మ గారు కళ్ళు తుడుచుకుని చిన్నాన్నకి ప్రసాదం పంపారు. మేనేజరు గారు ప్రమాదాల రిజిస్టరులో 'స్వల్పం' అని రాశారు. చిన్నాన్న కుడిచేత్తో ప్రసాదం తిన్నాడు. పిన్ని చిట్టెమ్మ మాత్రం ఆ కొబ్బరిముక్క తినలేదు, కోడికి వేసేసింది.

బుధవారం నేను క్యారేజి తీసుకెళ్ళేసరికి చిన్నాన్న మేనేజరు గారి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బల్ల మీద టైపు కొట్టిన కాగితం. సోమవారం ప్రభుత్వ అధికారి తనిఖీకి వస్తున్నారు. "ఆరు ట్యాంకర్లలోనూ అత్యవసర వాల్వులను నేను స్వయంగా పరీక్షించాను, అవి సక్రమంగా మూసుకుంటున్నవి" అని ఉంది. కింద చిన్నాన్న పేరు, సంతకానికి ఖాళీ.

"మూసుకోట్లేదు గదండీ" అన్నాడు చిన్నాన్న.

"వాల్వు మంచిదే కదా?"

"మంచిదేనండి. నాను పెట్టినదే."

"మరి సంతకానికేం? కట్టకపోతే మూసుకుంటుంది. కట్టారు కాబట్టి మూసుకోదు. అది వాల్వు తప్పు కాదుగా."

"ఆపీసరు తీగ లాగి సూస్తేనో?"

"అమ్మవారి గుడ్డ ఇప్పమని ఏ ఆఫీసరు అంటాడయ్యా? ఆయనకీ పెళ్ళాంపిల్లలున్నారు. పోయినసారి వచ్చినాయన జీడిపప్పు తిని, కాగితాలు చూసి వెళ్ళాడు. నాకు కావాల్సింది కాగితం. శనివారం సాయంత్రం దాకా టైము. నువ్వు పెట్టకపోతే గాజువాకలో వీర్రాజు అని ఫిట్టరున్నాడు. అతను కాగితం చదవడు కూడా. సోమవారం నుంచి అతనే వస్తాడు."

చిన్నాన్న కాలిన చెయ్యి గుడ్డతో చుట్టి ఉంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చుని అన్నం సగమే తిన్నాడు. "ఈ సేతిని సూసుకుని ఆ కాగితం మీద సంతకం ఎలగ పెడతానే?" అన్నాడు నాతో. నేను లేచి వెళ్ళి, వరసగా ఉన్న బళ్ళ కిందకి వంగి, ఆ ముడుల్ని ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. తడిసి, ఎండి, కొయ్యలా బిగుసుకున్నాయి. గోరుతో వచ్చేవి కావు.

ఆ రాత్రి డైరీ తెరిచాను. నెలనెలా నేను బయట చేరిన రోజున తేదీ పక్కన ఒక చుక్క పెట్టుకుంటాను. పోయిన నెల చుక్క సెప్టెంబరు ఇరవై అయిదున ఉంది. దాని వంక చాలాసేపు చూశాను. మా ఇంట్లో ఆ మూడు రోజులూ పిన్ని నన్ను దేవుడి గూడు వైపు రానివ్వదు. పచ్చళ్ళ జాడీ ముట్టుకోనివ్వదు. నేను తాకితే పచ్చడి పాడవుతుంది, దేవుడికి మైల అవుతుంది, మొక్క వాడిపోతుంది అంటారు. ఇంత శక్తి ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ మూలన కూర్చోబెట్టారు. వాడుకునే ఆలోచన ఎవరికీ రాలేదు.

డైరీలో ఆఖరి పేజీ, డిసెంబరు ముప్పై ఒకటి, చింపాను. ఉత్తరం రాశాను. నాలుగుసార్లు కొట్టేసి, అయిదోసారికి గుండ్రంగా రాశాను.

ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆరు బళ్ళూ వరసగా నిలబెట్టి సూర్యకాంతమ్మ గారు హారతి ఇస్తారు. ఆవిడ పళ్ళెం దింపేదాకా ఆగి, కాలేజీ సంచితో ఎదురుగా వెళ్ళి, మడిచిన కాగితం తీశాను. చేతికి ఇవ్వలేదు, పక్కనున్న గట్టు మీద పెట్టాను. ఆవిడ తనలో తానే చదువుకుంటారని, ఆడవాళ్ళ మధ్య మాటగా ఉండిపోతుందని అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకోలేదు.

"ఏంటమ్మా, స్కాలర్‌షిప్పు దరఖాస్తా? భీమశంకరం గారూ, ఇదేంటో చదవండి."

 ఆయన కాగితం అందుకుని, గొంతు సవరించుకుని, ప్రతిజ్ఞ చదివించే గొంతుతో మొదలుపెట్టారు. ఆరుగురు డ్రైవర్లూ, క్లీనర్లూ, చిన్నాన్నా నిలబడి వింటున్నారు.

"అమ్మగారికి నమస్కారం. బుధవారం మధ్యాహ్నం క్యారేజి తెచ్చినప్పుడు, ఆరు బళ్ళకీ కట్టిన అమ్మవారి గుడ్డలను నేను చేత్తో ముట్టుకున్నాను. అప్పటికి నేను బయట... బయట ఉన్నాను. చెప్పడానికి సిగ్గుపడి..."

ఆయన గొంతు సన్నబడింది. అయినా మొదలుపెట్టిన కాగితం చివరిదాకా చదవడం ఆయన అలవాటు. "క్షమించండి, ఇట్లు దేవి" అన్నాక, పేజీ కింద అచ్చేసి ఉన్నది కూడా చదివేశారు. "చిన్న లోపాన్ని దాచకు, పెద్ద ప్రమాదాన్ని పిలవకు."

 కాగితాన్ని ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, గట్టు మీదే పెట్టేసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నారు.

"బయటంటే? గేటు బయటా?" అన్నాడు ఒక క్లీనరు.

"నోర్ముయ్యిరా" అన్నాడు పోలిరాజు. అతని మొహం పాలిపోయింది. "అయితే బుదారం నుంచి నాను మైలగుడ్డ కట్టుకుని తిరుగుతన్నానేటి? అందుకే నిన్న బస్సోడు నా బండి గీసుకుపోనాడు!"

అంతే, అందరికీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒకరి బండికి గురువారం పంక్చరు. ఒకరికి పంటినొప్పి. ఒకరి భార్య పుట్టింటికి పోయింది, బుధవారం సాయంత్రమే. సోమవారం చిన్నాన్న చెయ్యి కాలడం అమ్మవారి దయ. బుధవారం తర్వాత జరిగినదంతా నా వల్ల.

"ఎంత పని చేశావే పిల్లా!" సూర్యకాంతమ్మ గారు పళ్ళెం పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు. "ముందు అవి తీయించెయ్యండి. సముద్రంలో కలిపెయ్యాలి. పాపం, అమ్మవారు ఎలా ఓర్చుకుంటోందో!"

కృష్ణంరాజు గారు అప్పుడే కారు దిగారు. విషయం ఎవరూ ఆయనకి సూటిగా చెప్పలేదు. తలా ఒక ముక్క తల దించుకుని చెప్పారు. ఆయన నా వైపు చూడకుండా, "తీసెయ్యండయ్యా, నిలబడతారేం!" అన్నారు.

నిన్నటి దాకా తీస్తే కీడు. ఇప్పుడు ఉంచితే కీడు. కానీ తీసేదెవరు? పోలిరాజు క్లీనర్ని చూశాడు. క్లీనరు చిన్నాన్నని చూశాడు. చిన్నాన్న నేలని చూశాడు.

"ముట్టుకున్న చెయ్యే తియ్యాలి" అన్నారు సూర్యకాంతమ్మ గారు.

"కానీ మళ్ళీ బండిని తాకితే..." అంటూ మేనేజరు గారు ఆఫీసులోకి పరుగున వెళ్ళారు. బీరువా తాళం తీసిన చప్పుడు వినిపించింది. ప్లాస్టిక్ కవరు కూడా చింపని కొత్త రబ్బరు తొడుగులు తెచ్చి గట్టు మీద పెట్టారు. మోచేయి దాకా వచ్చేవి. యాసిడ్ పని చేసేవాళ్ళ కోసం కొన్నవి. వారాలు కలిసే ఏడాది కోసం అవీ ఎదురుచూస్తున్నాయి కాబోలు. చిన్నాన్న తన చేతి కట్టు వైపు ఒకసారి, ఆ తొడుగుల వైపు ఒకసారి చూశాడు.

తొడుక్కున్నాను. చిన్నాన్న నేల మీద కట్టరు పెట్టాడు. తీసుకుని మొదటి బండి కిందకి వంగాను. ఎర్రగుడ్డ తెగింది. మీట పడింది. ఠప్. లోపలి వాల్వు మూసుకుంది.

చిన్నాన్న తల ఎత్తాడు.

రెండోది. ఠప్. మూడోది, నాలుగోది. పోలిరాజు బండి అయిదోది. దాని ముడి అన్నిటికంటే గట్టిగా ఉంది, రెండుసార్లు కొరకాల్సి వచ్చింది. అది పడిన చప్పుడుకి పోలిరాజు ఉలిక్కిపడ్డాడు. ఆరోది కోశాక మీట కదలలేదు.  ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా దిగి, అప్పుడు మూసుకుంది.

"దానికి కూసింత గ్రీజు కావాల" అన్నాడు చిన్నాన్న. ఆ పొద్దున ఆయన అన్న మొదటి మాట అదే.

"మరి ఇప్పుడు మాలు ఎలగ దింపాలి? ఆగదు గదా!" అన్నాడు పోలిరాజు.

"కొక్కేలు ఉంటే ఆగుతాది."

"కొక్కేలు ఎందుకు లేవు?" అని రాజుగారు అడిగారు. భీమశంకరరావు గారు ఫైలు తెచ్చారు. రాజుగారు దాని లావు చూసి తెరవలేదు. "ఆరు బళ్ళు ఆగిపోయి ఉంటే నాకు ఫైలు చూపిస్తావా? ఆటో పిలువు!"

గాజువాకకి ఆటో వెళ్ళి వచ్చింది. గంటన్నర పట్టింది, అందులో టీకి ఇరవై నిమిషాలు. అయిదు నెలల ఫైలు ఒక ఆటో ఒళ్ళో కూర్చుని వచ్చేసింది. మధ్యాహ్నానికి చిన్నాన్న ఆరు కొక్కేలూ బిగించి, ఒంటిచేత్తో ఆరు తీగలూ లాగి చూశాడు. శనివారం సాయంత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టేముందు మొత్తం చదివాడట. 'సక్రమంగా' అన్న చోట ఆగి మళ్ళీ చదివాడట.

నేను శుక్రవారం కాలేజీకి వెళ్ళలేదు. ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పిన్ని గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. మా ఇంట్లో నా తేదీలు నా డైరీకంటే ఆమెకే బాగా తెలుసు.

"నీకు దీపావళి ముందు గదే?"

నేను చెప్పుల వంక చూశాను.

పిన్ని లోపలికి వెళ్ళి, ఆ మూడు రోజుల చాపా, విడి కంచం, గ్లాసూ తెచ్చి వసారా మూలన పెట్టింది. పక్కింటి భ్రమరాంబ గోడ మీంచి తొంగిచూస్తుంటే గట్టిగా, "దూరంగుండు! ఎన్నిసార్లు సెప్పాలి నీకు? అన్నీ ముట్టేసుకుంటాది ఈ గుంట!" అని తిట్టింది. ఆ తిట్టడంలో ఎంత నిజముందంటే నాకే భయమేసింది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం కంచంలో రెండు చేపముక్కలు ఎక్కువ వేసింది.

చిన్నాన్న పొద్దుపోయాక వచ్చాడు. ఇలాంటి విషయాలు మగవాళ్ళు అడగరు. నాకు పది అడుగుల దూరంలో మెట్టు మీద కూర్చుని, వీధి వైపు చూస్తూ, "బాగా కోసినావే. తిన్నగా కోసినావు" అన్నాడు.

సోమవారం అధికారి వచ్చారు. జీడిపప్పు తినలేదు, షుగరట. తీగ లాగి చూపించమన్నారు. చిన్నాన్న లాగాడు. ఠప్పుమని మూసుకుంది. ఆయన స్వయంగా మరో రెండు బళ్ళకి లాగి చూసి, ఇంత బాగా నడుస్తున్న యార్డుని ఈ మధ్య చూడలేదన్నారట. భీమశంకరరావు గారు చేతులు కట్టుకుని, ఇది ఏడాది ప్రణాళిక ఫలితమండీ అన్నారట. ఆయన్ని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాన్ని అద్దం కట్టించి ఆఫీసులో తగిలించారు. రబ్బరు తొడుగులు మాత్రం మళ్ళీ బీరువాలోకి పోలేదు. మైల తొడుగులని ఎవరూ ముట్టుకోకపోతే, చిన్నాన్న కడుక్కుని వాడుకుంటున్నాడు.

అంతా అయ్యాక మేనేజరు గారు భద్రతాధికారి కుర్చీలో కూర్చుని ఒక నివేదిక రాశారు. యార్డులో గత వారం జరిగిన అలజడికి మూలకారణం ఏమిటి, ఇకముందు జరగకుండా తీసుకోవాల్సిన చర్య ఏమిటి అని. మూలకారణం: స్త్రీల రాకపోకలు. చర్య: గేటుకి బోర్డు. ఈ ఉత్తరానికి మేనేజరు అదే రోజు అనుమతి ఇచ్చారు. ఆయన ఇంత తొందరగా ఒప్పుకున్న కోరిక ఇదొక్కటే. సూర్యకాంతమ్మ గారి శుక్రవారం హారతి కూడా దాంతో ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పాలన్నది ఇంకా ఫైల్లో ఉంది.

బోర్డు రాయడానికి మనిషిని పిలిస్తే డబ్బు దండగ. చిన్నాన్నతో కబురు చేశారు: అమ్మాయి అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, తలస్నానం అయిపోయాక ఇంట్లోనే రాసి పంపమను. తెల్లరంగు వేసిన రేకు, ఎర్రరంగు డబ్బా పంపారు.

దీపావళికి ముందురోజు, శుక్రవారం, రాయడానికి కూర్చున్నాను. అంతకుముందే డైరీలో ఇరవై నాలుగో తేదీ పక్కన చుక్క పెట్టాను. ఈసారి నిజం చుక్క. ఆ నెల నేను రెండుసార్లు బయట ఉన్నాను. పిన్ని చూసింది. రేకు వంకా, నా వంకా చూసి, పెదవి కొరుక్కుని, "రంగు ఒలికిపోకుండా రాయి" అని లోపలికి పోయింది.

"స్త్రీలకు ప్రవేశము లేదు" అని రాశాను. 'లేదు'కి రెండోపూత కూడా వేశాను. కింద ఖాళీ మిగిలితే, ఎవరూ అడగకపోయినా, "ముందు భద్రత, తర్వాతే పని" అని చేర్చాను. ఎండలో పెట్టి, ఆరిందో లేదో అని నాలుగు వైపులా చేత్తో తడిమి చూశాను.

మర్నాడు దాన్ని గేటుకి బిగించారు. పోలిరాజు పొద్దున్నే బండి తీసేముందు దాన్ని తాకి కళ్ళకద్దుకుంటున్నాడని చిన్నాన్న చెప్పాడు. వచ్చే దసరాకి దానికి కూడా పసుపూ కుంకుమా పెడతారట.